డాస్‌లో సి భాషతో ఇంటరప్ట్ హ్యాండ్లర్: తగిలించడం, నడిపించడం, శుభ్రంగా తీసేయడం

చేస్తున్న పని ఆపి తమవైపు చూడమని టైమర్, కీబోర్డు లాంటివి ప్రాసెసర్‌కు ఇచ్చే సంకేతం ఇంటరప్ట్; అది వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్ హ్యాండ్లర్. పాత పీసీల ఆపరేటింగ్ సిస్టమైన డాస్‌లో ఇంటరప్ట్ హ్యాండ్లర్ లోపల రాసే పంక్తులు పది, పదిహేనుకు మించవు. అయినా ప్రోగ్రాం ఒకసారి నడిచి రెండోసారి యంత్రాన్ని బిగుసుకుపోయేలా చేస్తోందని పదేపదే ప్రశ్నలు వస్తున్నాయంటే, తప్పు దాదాపు ఎప్పుడూ ఆ పది పంక్తుల బయటే ఉంటుంది: తగిలించిన వరుసలోనో, తీసిన వరుసలోనో, అసలు తీయకపోవడంలోనో. అందుకే ఈ మార్గదర్శిలో హ్యాండ్లర్ కంటే దాని ముందూ వెనుకా జరగవలసిన పనులకే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఉదాహరణగా తెర కుడివైపు పై మూలలో నడిచే ఒక గడియారాన్ని తయారుచేద్దాం. యంత్రం 8088 ప్రాసెసర్ ఉన్న ఐబీఎం పీసీ లేదా దానికి సరిపోలినది, కంపైలర్ టర్బో సి 2.0. ఫంక్షన్ల పేర్లను తెలుగు లిపిలో రాశాను. టైప్ చేసేటప్పుడు వాటిని మామూలుగా చిన్న అక్షరాల్లోనే రాయాలి. హెక్స్ (16 ఆధారంగా రాసే) సంఖ్యల్లోని ఎ నుంచి ఎఫ్ వరకు ఉన్న అంకెలను కూడా తెలుగులోనే రాశాను కాబట్టి, హెక్స్ 1సి అంటే 28 అని చదువుకోండి.

1. మొదలుపెట్టే ముందు సరిచూసుకోవలసినవి

☐ సోర్స్ ఫైలు పేరు చివర సిపిపి కాకుండా సి అని ఉండాలి. మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో చాలా ఏళ్లు టర్బో సి++ వాడారు. అందులో సిపిపి ఫైలుగా భద్రపరిస్తే హ్యాండ్లర్ కుండలీకరణాల్లో మూడు చుక్కలు పెట్టనిదే కంపైలర్ ఒప్పుకోదు. పాత పాఠాల్లోని ప్రోగ్రాం యథాతథంగా టైప్ చేసినా ఎర్రర్ రావడానికి కారణం ఇదే.

☐ మెమరీ మోడల్ (ప్రోగ్రాంకు, డేటాకు మెమరీ ఎలా పంచాలో కంపైలర్‌కు చెప్పేది) స్మాల్‌గా ఉంచండి.

☐ స్టాక్ (ఫంక్షన్ పిలుపులకు, లోకల్ వేరియబుళ్లకు వాడే తాత్కాలిక మెమరీ) నిండిందేమో చూసే స్టాక్ ఓవర్‌ఫ్లో పరీక్ష ఆపి ఉండాలి. టర్బో సిలో అది మొదటినుంచీ ఆపే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సి వాడేవారు జిఎస్ స్విచ్ ఇచ్చి ఆపుకోవాలి, ఎందుకంటే అక్కడ అది మామూలుగా నడుస్తూ ఉంటుంది.

☐ ప్రోగ్రాంను కంపైలర్ నీలి తెరలోంచి కాకుండా, బయటికి వచ్చి డాస్ ప్రాంప్ట్ నుంచే నడపండి.

☐ నడిపే ముందు ప్రతిసారీ ఫైలును భద్రపరచండి. ఇది వినడానికి చాదస్తంలా ఉంటుంది. ఒక సాయంత్రం మొత్తం కూర్చుని రాసిన ప్రోగ్రాంను, భద్రపరచకుండా ఒక్క నొక్కుతో పోగొట్టుకున్నాక నాకు అలా అనిపించడం మానేసింది.

ఇప్పుడు నేర్చుకునేవారికి, ఈనాటి కంప్యూటర్‌లో డాస్ యంత్రాన్ని అనుకరించే డాస్‌బాక్స్ చాలు. యంత్రం బిగుసుకుపోతే కిటికీ మూసేసి మళ్లీ తెరుచుకోవచ్చు; అసలు పీసీ మీదైతే స్విచ్ ఆపి వేయడమే గతి.

2. ఏ ఇంటరప్ట్‌ను పట్టుకోవాలో తేల్చుకోండి

మెమరీ మొదటి 1024 బైట్లలో, ఏ ఇంటరప్ట్‌కు ఏ చిరునామాలోని హ్యాండ్లర్ నడవాలో చెప్పే వెక్టర్ పట్టిక ఉంటుంది. అందులో 256 గళ్లు, గడికి 4 బైట్లు; ముందు ఆఫ్‌సెట్, తరువాత సెగ్మెంట్ (సెగ్మెంట్ మెమరీలో ఒక భాగం మొదలయ్యే చోటు, ఆఫ్‌సెట్ అక్కడినుంచి దూరం). ఇంటరప్ట్ వచ్చినప్పుడు ప్రాసెసర్ ఫ్లాగులను (తన స్థితి చెప్పే బిట్లను), తిరిగి రావలసిన చోటు చెప్పే సీఎస్, ఐపీ రిజిస్టర్లను స్టాక్ మీద పెట్టి, గడిలో ఉన్న చిరునామాకు దూకుతుంది. హ్యాండ్లర్ తగిలించడమంటే ఆ 4 బైట్లను మార్చడమే.

8259 అనే ఇంటరప్ట్ కంట్రోలర్ నుంచి వచ్చే ఎనిమిది తీగలు హెక్స్ 08 నుంచి 0ఎఫ్ వరకు ఉన్న గళ్లకు చేరతాయి. 0వ తీగ టైమర్‌ది, 1వది కీబోర్డుది. టైమర్ చిప్ సెకనుకు 1193182 స్పందనలను 65536తో భాగించి, దాదాపు 18.2 సార్లు, అంటే సుమారు 55 మిల్లీసెకన్లకు ఒకసారి ఇంటరప్ట్ ఇస్తుంది. అలాంటి ఒక్కొక్కదాన్నే టిక్కు అంటున్నాను.

టైమర్ విషయంలో మన ముందు రెండు దారులున్నాయి. 08 గడి హార్డ్‌వేర్‌ది. అక్కడ బయాస్ (యంత్రంలోనే నిక్షిప్తమైన మూల ప్రోగ్రాం) రొటీన్ రోజు గడియారాన్ని ముందుకు జరిపి, ఫ్లాపీ మోటారును ఆపవలసిన వేళ ఆపి, ఆపైన 1సి ఇంటరప్ట్‌ను పిలిచి, చివర కంట్రోలర్‌కు పని అయిందని చెబుతుంది. 1సి గడి మనలాంటి వారికోసమే ఖాళీగా ఉంచినది. మొదటిసారి రాసేవారు తప్పనిసరిగా 1సితోనే మొదలుపెట్టండి, కంట్రోలర్‌తో మాట్లాడే బాధ్యత మీ మీద ఉండదు.

3. వేరియబుళ్లను ముందే అమర్చుకోండి

పాత చిరునామాను దాచుకునే పాయింటర్‌ను ఫంక్షన్ల బయట ఇలా ప్రకటించాలి:

వాయిడ్ ఇంటరప్ట్ (ఫార్ *పాత)();

ఇందులో ఇంటరప్ట్ అనే పదాన్ని వదిలేయడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు. ఆ పదం ఉంటే, పాత రొటీన్‌ను పిలిచేటప్పుడు కంపైలర్ ముందుగా ఫ్లాగులను స్టాక్ మీద పెడుతుంది. లేకపోతే మామూలు ఫార్ పిలుపు వెళుతుంది. పాత రొటీన్ చివర, ఇంటరప్ట్ నుంచి వెనక్కి వచ్చే ఐరెట్ ఆజ్ఞ స్టాక్ నుంచి మూడు పదాలను (16 బిట్ల విలువలను) తీసుకుంటుంది, మనం పెట్టినవి రెండే. స్టాక్ ఒక పదం మేర జరిగిపోయి, నియంత్రణ ఎక్కడికి పోతుందో చెప్పలేం.

హ్యాండ్లర్ మార్చే, మెయిన్ చదివే ప్రతి వేరియబుల్‌కూ వోలటైల్ అని తగిలించండి. లేకపోతే దాని విలువను కంపైలర్ రిజిస్టర్‌లో పెట్టుకుని, లూపులో అదే పాత విలువను మళ్లీ మళ్లీ చూస్తూ ఉండే అవకాశం ఉంది.

వీలైనంతవరకు 16 బిట్ల వేరియబుల్ వాడండి. లాంగ్ విలువను ఈ ప్రాసెసర్ రెండు విడతలుగా చదువుతుంది. ఆ రెండు విడతల మధ్య టిక్కు పడితే 65535 రావలసిన చోట 131071 రావచ్చు. లాంగ్ తప్పదనుకుంటే, మెయిన్‌లో ఇంటరప్ట్‌లను ఆపే డిసేబుల్ పిలిచి, విలువను నకలు చేసుకుని, వాటిని మళ్లీ రానిచ్చే ఎనేబుల్‌ను వెంటనే పిలవండి.

4. హ్యాండ్లర్ రాయడం

వాయిడ్ ఇంటరప్ట్ గడియారం()
{
  కూడిక += 65536ఎల్;
  ఇఫ్ (కూడిక >= 1193182ఎల్) {
    కూడిక -= 1193182ఎల్;
    సెకను_పెంచు();
  }
  (*పాత)();
}

ఇంటరప్ట్ అనే పదం వల్ల కంపైలర్ మొదట రిజిస్టర్లన్నిటినీ దాచి, డీఎస్ రిజిస్టర్‌ను మన ప్రోగ్రాం డేటా సెగ్మెంట్‌కు మార్చి, చివర అన్నీ తిరిగి పెట్టి ఐరెట్‌తో ముగిస్తుంది. మనం చేయవలసినది మధ్యలోని పని మాత్రమే.

పద్దెనిమిది టిక్కులకు ఒక సెకను అని లెక్కపెడితే గడియారం గంటకు దాదాపు 41 సెకన్లు ముందుకు పోతుంది. అందుకే పైన ప్రతి టిక్కుకూ 65536 కూడి, మొత్తం 1193182 దాటినప్పుడు మాత్రమే సెకను పెంచాను. మిగిలిన శేషం తరువాతి సెకనుకు కలుస్తుంది కాబట్టి తేడా పేరుకుపోదు.

సెకను_పెంచు అనే ఫంక్షన్‌లో భాగాహారం పెట్టకండి. ఎనిమిది అక్షరాల స్టాటిక్ శ్రేణిలో గంటలు, నిమిషాలు, సెకన్లను అక్షరాలుగానే ఉంచి, చివరి అంకెను ఒకటి పెంచి, 9 దాటితే 0 చేసి ఎడమవైపుకు మోయడం సరిపోతుంది. చేతితో కూడేటప్పుడు మనం చేసేదీ అదే. నిమిషాలు, సెకన్ల పదుల స్థానం 6కు చేరితే 0 చేయాలని, గంటలు 24కు చేరితే 00 చేయాలని మరిచిపోకండి.

తెర మీద చూపడానికి ఆ శ్రేణిని నేరుగా వీడియో మెమరీలోకి నకలు చేయాలి. రంగుల తెరకు సెగ్మెంట్ హెక్స్ బి800, ఒకే రంగు తెరకు బి000. వరుసకు 80 అక్షరాలు, అక్షరానికి 2 బైట్లు. ఎనిమిది అక్షరాలు కుడి అంచుకు ఆనాలంటే 72వ గడి నుంచి, అంటే 144వ బైటు నుంచి మొదలుపెట్టి, ఒక బైటు విడిచి ఒక బైటు రాయాలి. విడిచిన బైటు రంగుది. ఏ తెర ఉందో హ్యాండ్లర్‌లో కాకుండా మెయిన్‌లో ఒకేసారి తేల్చుకోండి: హెక్స్ 0040 సెగ్మెంట్‌లో హెక్స్ 0049 వద్ద ఉన్న బైటు 7 అయితే ఒకే రంగు తెర.

5. తగిలించే వరుస

ఈ వరుసను మార్చకండి.

(అ) మెయిన్‌లో గెట్‌టైమ్‌తో డాస్ సమయం తీసుకుని అక్షరాల శ్రేణిని నింపండి. కూడికను సున్నా చేయండి. వీడియో పాయింటర్‌ను సిద్ధం చేయండి.

(ఆ) గెట్‌వెక్ట్‌తో 1సి గడిలోని చిరునామాను తీసి పాత అనే పాయింటర్‌లో దాచండి.

(ఇ) కంట్రోల్-బ్రేక్ లేదా కంట్రోల్-సి నొక్కినప్పుడు ఏం జరగాలో ఏర్పాటు చేయండి (దీని సంగతి తరువాతి భాగంలో ఉంది).

(ఈ) అన్నిటికంటే చివర సెట్‌వెక్ట్‌తో కొత్త చిరునామా పెట్టండి.

సెట్‌వెక్ట్ జరిగిన మరుక్షణమే టిక్కు పడవచ్చు. అప్పటికి పాత పాయింటర్ ఖాళీగా ఉంటే హ్యాండ్లర్ సున్నా చిరునామాకు, అంటే వెక్టర్ పట్టికలోకే దూకుతుంది. అక్కడున్నది ప్రోగ్రాం కాదు.

తగిలించే ఫంక్షన్ పొరపాటున రెండుసార్లు నడిచినా ఇంతే ముప్పు. రెండోసారి గెట్‌వెక్ట్ ఇచ్చేది మన చిరునామానే. హ్యాండ్లర్ తనను తానే పిలుచుకుంటూ స్టాక్‌ను తినేస్తుంది. తగిలించామా లేదా అన్నది చెప్పే ఒక గుర్తు వేరియబుల్ పెట్టి, అది 1 అయి ఉంటే వెంటనే వెనక్కి రండి.

కొందరు సెట్‌వెక్ట్ వదిలి, పాయింటర్‌తో పట్టికలోకి నేరుగా రాస్తారు. అలా చేయదలిస్తే డిసేబుల్, ఎనేబుల్ మధ్యనే చేయాలి. ఆఫ్‌సెట్ మారి సెగ్మెంట్ మారని క్షణంలో టిక్కు పడితే దిక్కులేదు. సెట్‌వెక్ట్ ఉండగా ఈ సాహసం ఎందుకో నాకు అర్థం కాదు.

6. తీసే వరుస, కంట్రోల్-సి ముప్పు

మామూలు ముగింపు తేలిక: మెయిన్ లూపు ఆగాక సెట్‌వెక్ట్‌తో పాత చిరునామా తిరిగి పెట్టి, గుర్తు వేరియబుల్‌ను సున్నా చేసి, బయటికి రావడమే. చిక్కంతా అసాధారణ ముగింపుతో వస్తుంది.

కంట్రోల్-సి నొక్కితే డాస్ ప్రోగ్రాంను అక్కడికక్కడే ముగిస్తుంది. హెక్స్ 22, 23, 24 గళ్లను మాత్రం తానే తిరిగి పెడుతుంది. మిగిలిన వాటి జోలికి పోదు. ప్రోగ్రాం ముగిసేటప్పుడు నడవాలని ఎట్‌ఎగ్జిట్‌తో నమోదు చేసిన ఫంక్షన్ కూడా ఈ దారిలో నడవదు. కాబట్టి 1సి గడి ఇప్పుడు ఎవరికీ చెందని మెమరీని చూపిస్తూ ఉంటుంది.

వింత ఏమిటంటే యంత్రం వెంటనే ఆగిపోదు. మన హ్యాండ్లర్ బైట్లు ఆ చోట ఇంకా చెరగకుండా ఉంటాయి కాబట్టి, ప్రాంప్ట్ వద్ద గడియారం చక్కగా నడుస్తూనే కనిపిస్తుంది. తరువాతి ప్రోగ్రాం ఆ మెమరీలోకి ఎక్కగానే అంతా బిగుసుకుపోతుంది. నింద ఆ రెండో ప్రోగ్రాం మీద పడుతుంది. నాకు రాసిన వారిలో ఎక్కువమంది ఎడిటర్ పాడైందనుకుని డిస్కులు మార్చినవారే.

దీనికి మందు: సిటిఆర్‌ఎల్‌బిఆర్‌కె అనే ఫంక్షన్‌తో మీ సొంత రొటీన్‌ను నమోదు చేయండి. ఆ రొటీన్ ఆపు అనే వేరియబుల్‌ను 1 చేసి, తానూ 1 తిరిగి ఇవ్వాలి. సున్నా ఇస్తే డాస్ ప్రోగ్రాంను ముగించేస్తుంది. సున్నా కానిదేదైనా ఇస్తే ప్రోగ్రాం కొనసాగుతుంది. మెయిన్ లూపు ఆపు వేరియబుల్‌ను చూసి, మామూలు దారిలోనే బయటికి వస్తుంది.

ప్రోగ్రాం డిస్కును కూడా తాకేదైతే ఇంకో తలుపు మూయాలి. ఫ్లాపీ డ్రైవు తలుపు తెరిచి ఉన్నప్పుడు వచ్చే సందేశానికి వాడేవారు అబార్ట్ ఎంచుకుంటే ఫలితం కంట్రోల్-సి లాంటిదే. హార్డ్‌ఎర్ ఫంక్షన్‌తో ఆ సందేశాన్ని కూడా మీ చేతిలోకి తీసుకోండి.

7. హ్యాండ్లర్ లోపల చేయకూడని పనులు

ప్రింట్‌ఎఫ్, ఎఫ్‌ఓపెన్, మాలోక్, గెట్‌టైమ్: వీటిలో ఏదీ పిలవకూడదు. డాస్ ఒకసారికి ఒక పనే చేయగలదు. అది తన సొంత స్టాక్ మీద ఒక పని మధ్యలో ఉండగా టిక్కు పడి, హ్యాండ్లర్ మళ్లీ డాస్‌నే పిలిస్తే, రెండో పిలుపు మొదటిదాని స్టాక్‌ను తుడిచేస్తుంది. ఇలాంటి ప్రోగ్రాం వందసార్లు బాగానే నడిచి నూటొకటోసారి పడిపోతుంది, అందుకే పట్టుకోవడం కష్టం. ఫైలులో రాయవలసినది ఏదైనా ఉంటే హ్యాండ్లర్ గుర్తు పెట్టాలి, మెయిన్ రాయాలి.

దశాంశ గణితం వద్దు. 8087 గణిత చిప్ అయినా, దాన్ని అనుకరించే లైబ్రరీ అయినా, మధ్యలో ఆగిన లెక్క స్థితిని హ్యాండ్లర్ దాచిపెట్టదు.

పెద్ద లోకల్ వేరియబుళ్లు కూడదు. హ్యాండ్లర్ నడిచేది మీ స్టాక్ మీదే అన్న హామీ లేదు. ఇంటరప్ట్ వచ్చిన క్షణంలో ఎవరి స్టాక్ ఉందో దాని మీదే నడుస్తుంది. అది డాస్‌ది కావచ్చు, బయాస్ వాడుతున్నది కావచ్చు.

ఇందులోంచే మరో సూక్ష్మమైన తప్పు పుడుతుంది. స్మాల్ మోడల్‌లో కంపైలర్ ఎస్ఎస్ (స్టాక్ సెగ్మెంట్), డీఎస్ (డేటా సెగ్మెంట్) రెండూ ఒకటేనని నమ్ముతుంది. లోకల్ వేరియబుల్ చిరునామాను వేరే ఫంక్షన్‌కు పంపితే, ఆ ఫంక్షన్ దాన్ని డీఎస్‌లో వెతుకుతుంది; వేరియబుల్ ఉన్నది మరెవరి స్టాక్‌లోనో. హ్యాండ్లర్‌లో వాడే శ్రేణులన్నిటినీ స్టాటిక్ చేస్తే ఈ ప్రమాదం రాదు. స్టాక్ ఓవర్‌ఫ్లో పరీక్షను మొదటే ఆపమన్నదీ ఇందుకే: ఆ పరీక్ష పరాయి స్టాక్‌ను చూసి మీ స్టాక్ నిండిపోయిందని ప్రోగ్రాంను ఆపేస్తుంది.

ఎక్కువసేపు ఉండకండి. 1సిని పిలిచే సమయానికి బయాస్ ఇంకా కంట్రోలర్‌కు పని అయిందని చెప్పి ఉండదు. మీరు లోపల ఎనేబుల్ పిలిచినా, టైమర్ కంటే తక్కువ ప్రాధాన్యం ఉన్న కీబోర్డు ఆగే ఉంటుంది.

8. కీబోర్డు హ్యాండ్లర్: ఇక్కడ మారేదేమిటి

కీబోర్డు 09 గడిది. మీట నొక్కినా, వదిలినా ఇంటరప్ట్ వస్తుంది. హెక్స్ 60 పోర్టు (పరికరంతో మాట్లాడే చిరునామా) నుంచి ఇన్‌పోర్ట్‌బితో చదివితే మీట సంఖ్య దొరుకుతుంది. వదిలినప్పుడు అదే సంఖ్యకు 128 కలుస్తుంది. ఎస్కేప్ నొక్కితే 1, వదిలితే 129.

పోర్టు చదివి, ఆపైన పాత రొటీన్‌ను పిలవడమే సురక్షితమైన పద్ధతి. కీబోర్డుకు జవాబు ఇవ్వడం, కంట్రోలర్‌కు చెప్పడం అదే చూసుకుంటుంది. కాకపోతే అది మీటలను బయాస్ బఫరులో చేరుస్తుంది. అందులో 15 మీటలే పడతాయి. మెయిన్ వాటిని చదవకపోతే పదహారో మీటకు బీప్ మొదలవుతుంది.

పాతదాన్ని పిలవకూడదనుకుంటే రెండు బాధ్యతలు మీవే. హెక్స్ 61 పోర్టు చదివి, హెక్స్ 80ని ఓఆర్ చేసి రాసి, వెంటనే మొదటి విలువను తిరిగి రాయాలి. ఆ తరువాత హెక్స్ 20 పోర్టుకు హెక్స్ 20 విలువ పంపాలి. ఈ దారిలో కంట్రోల్-ఆల్ట్-డిలీట్ కూడా పనిచేయదు, ఎందుకంటే దాన్ని గమనించేది పాత రొటీనే. కాబట్టి ఎస్కేప్‌తో బయటపడే మార్గాన్ని మొదట రాసి, పరీక్షించి, ఆపైన మిగిలిన మీటల సంగతి చూడండి.

9. టైమర్ వేగం పెంచాలంటే

సెకనుకు 100 టిక్కులు కావాలనుకుందాం. భాజకం 11932, హెక్స్‌లో 2ఇ9సి. డిసేబుల్ చేసి, హెక్స్ 43 పోర్టుకు హెక్స్ 36 పంపి, హెక్స్ 40 పోర్టుకు ముందు 9సి, తరువాత 2ఇ పంపి, ఎనేబుల్ చేయాలి. ఇప్పుడు 1సి చాలదు, 08 గడినే పట్టుకోవాలి. వెక్టర్ తగిలించాకే వేగం మార్చండి. తీసేటప్పుడు వేగాన్ని ముందు యథాస్థితికి తెచ్చి ఆ తరువాత వెక్టర్ తీయండి. యథాస్థితికి 40 పోర్టుకు రెండుసార్లు సున్నా పంపితే సరి, సున్నా అంటే ఆ చిప్‌కు 65536.

ప్రతి టిక్కుకూ పాత రొటీన్‌ను పిలిస్తే డాస్ గడియారం దాదాపు ఐదున్నర రెట్లు పరుగెడుతుంది, ఫ్లాపీ మోటారు వేళ కాకముందే ఆగుతుంది. అందుకని 16 బిట్ల అన్‌సైన్డ్ వేరియబుల్‌కు ప్రతి టిక్కుకూ 11932 కూడండి. కూడగా వచ్చిన విలువ 11932 కంటే తక్కువైతే, అది 65536 దాటి చుట్టి వచ్చిందన్నమాట. అప్పుడు మాత్రమే పాతదాన్ని పిలవండి. మిగిలిన టిక్కుల్లో మీరే హెక్స్ 20 పోర్టుకు హెక్స్ 20 పంపండి. ఒక టిక్కులో ఈ రెండింటిలో ఒకటే జరగాలి, రెండూ కాదు.

సీరియల్ పోర్టుకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది. మొదటి పోర్టు 4వ తీగ, 0సి గడి. అయితే హెక్స్ 21 పోర్టులో ఆ తీగను ఆపే ముసుగు బిట్‌ను సున్నా చేయాలి, సీరియల్ చిప్ మోడెమ్ కంట్రోల్ రిజిస్టర్‌లో అవుట్-2 అనే బిట్‌ను 1 చేయాలి. ఈ రెండో పని మరిచిపోయి, అంతా సరిగానే ఉన్నా ఒక్క ఇంటరప్ట్ కూడా రావడం లేదని తల పట్టుకునేవారే ఎక్కువ.

10. లక్షణాన్ని బట్టి కారణం

కీబోర్డు, గడియారం రెండూ ఆగిపోతే: 08 హ్యాండ్లర్ కంట్రోలర్‌కు పని అయిందని చెప్పలేదు. టైమర్‌దే పై ప్రాధాన్యం కాబట్టి దాని కింద ఉన్నవన్నీ ఆగాయి.

గడియారం నడుస్తూ కీబోర్డు మాత్రం ఒక మీటతో ఆగితే: 09 హ్యాండ్లర్ అదే మాట చెప్పడం మరిచింది, లేదా 61 పోర్టు పని చేయలేదు.

మొదటి టిక్కుకే బిగుసుకుంటే: పాత పాయింటర్ ప్రకటనలో ఇంటరప్ట్ పదం ఉందో లేదో, గెట్‌వెక్ట్ సెట్‌వెక్ట్‌కు ముందుందో లేదో చూడండి.

ప్రోగ్రాం ముగిశాక, వేరేది నడిపినప్పుడు బిగుసుకుంటే: వెక్టర్ తీయలేదు. 6వ భాగానికి వెళ్లండి.

ఎప్పుడో ఒకసారి, ముఖ్యంగా డిస్కు లైటు వెలిగినప్పుడు పడిపోతే: హ్యాండ్లర్ ఏదో దారిన డాస్‌ను పిలుస్తోంది. మీరు నేరుగా పిలవకపోయినా మీరు పిలిచిన లైబ్రరీ ఫంక్షన్ పిలుస్తూ ఉండవచ్చు. హ్యాండ్లర్‌లోని పిలుపులన్నిటినీ వ్యాఖ్యలుగా మార్చి, ఒక్కొక్కటిగా తిరిగి తెరుస్తూ, ప్రతిసారీ డైరెక్టరీ జాబితా వరుసగా పది సార్లు చూస్తూ పరీక్షించండి.

మెయిన్ లూపు ఎప్పటికీ ఆగకపోతే, తెర మీద గడియారం మాత్రం తిరుగుతూ ఉంటే: వోలటైల్ మరిచారు.